పాదాలకు కనపడే దారి

పోయిన వారం భీమిలి తీరాన నడుస్తున్నాం. మేమంటే, 'మెల్లగా నడిచేవాళ్ళం' అని మాకు మేమే పేరు పెట్టుకున్న పన్నెండు మందిమి. దాదాపు అందరివీ అరిగిపోయిన మోకాళ్ళే. ఒకాయన గుండెలో స్టెంటు ఉంది, ఒకావిడ చేతిలో కర్ర ఉంది, ఒకమ్మాయి చక్రాల కుర్చీలో వస్తుంది. సముద్రం వెనక్కి తగ్గిన వేళ తడి ఇసుక గట్టిగా ఉంటుంది, కుర్చీ చక్రం కూడా దిగబడదు. ఆ వేళ చూసి వీళ్ళని నడిపించడం నా పని. ముప్ఫయ్యేళ్ళు బడిలో భూగోళం పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఎవరైనా నడవగలిగే దారులు వెతికి, వాటి గురించి ఒక చిన్న పుస్తకం అచ్చేయించి పంచుతున్నాను.

బండల దగ్గర ఒక అమ్మాయి కనిపించింది. మా గుంపు మనిషి కాదు. ఒంగి, చదునుగా ఉన్న రాళ్ళు ఏరి, ఒకదాని మీద ఒకటి ఐదు పేర్చింది. పక్కనే మడమతో నేలని మూడుసార్లు తన్నింది. చేతులు కళ్ళకద్దుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగాను.

"మొక్కు ఆంటీ. అరకు కొండల్లో ట్రైబల్స్ ఇలాగే చేస్తారు. దారిలో ప్రతి మలుపులోనూ కొండదేవతకి రాయి పెట్టాలి. మీకు తెలీదా?"

తెలీదమ్మా అన్నాను. ఆ పిల్ల ఓపిగ్గా నాకు మొదట్నుంచీ నేర్పింది. మడమతో తన్నేది భూమిని నిద్ర లేపడానికట. ఆ ముక్క నేనెప్పుడూ ఎక్కడా రాయలేదు. ఎవరో తర్వాత కలిపారు. మిగతాదంతా మాత్రం నేను రాసిందే. అరకు కొండల్లో అలాంటి ఆచారం ఏదీ లేదు. దాన్ని నేనే పుట్టించాను.

అలా మడమతో మూడుసార్లు తన్నే మనిషి నిజంగానే ఒకతె ఉండేది. ఈ వానాకాలంలో పోయింది.

ఆమె పేరు చెప్పను. ఒకసారి ఆమెని అడక్కుండా ఆమె సంగతి అచ్చులో వాడుకున్నాను, అది చాలు. నేను అప్పా అని పిలిచేదాన్ని. మా విజయనగరం వైపు అక్కని అలాగే అంటాం. ఆమె నన్ను పంతులమ్మా అనేది. టైడాలో పొద్దున్న అరకు రైలు దిగి, జీపులో కొంత దూరం పోతే వాళ్ళ ఊరు. పాతిక ఇళ్ళుంటాయేమో. ఊరి వెనకనుంచి కాఫీ తోటల్లోంచి గెడ్డ దాకా ఒక కాలిబాట ఉంది. కొండవాగుని అక్కడ గెడ్డ అంటారు. బాట పొడవునా మిరియాల తీగలెక్కిన సిల్వర్ ఓక్ చెట్ల నీడ. ఏడు మలుపులు. మొదటిసారి ఆ దారిన దిగి ఎక్కి వచ్చాక నా మోకాలు నొప్పెట్టలేదు. నాకది వింత. కొండ దిగితే మర్నాడు మంచం దిగలేనిదాన్ని మరి.

అప్ప ఆ దారిన మాకు ముందు నడిచేది. పొట్టి మనిషి. ముక్కుకి రెండు వైపులా పుడకలు, చంకలో గుడ్డ సంచి. సంచిలో చెప్పులుండేవి. దారి పొడవునా వట్టి కాళ్ళతో నడిచి, తిరిగి ఊళ్ళోకి రాగానే సంచిలోంచి తీసి తొడుక్కునేది. అదేమిటి, రాళ్ళలో తొడుక్కోవాలి గానీ అంటే, "సెప్పులు మనుసులకి సూపించుకోడానికి పంతులమ్మా. దారికెందుకు?" అంది.

దూరం ఎంతని ఆమెని అడిగి లాభం లేదు. ఆమె కొలత వేరు. "కడుపుతో ఉన్న మనిసి నడిసేస్తాది" అనేది ఒక దారి గురించి. "ఇది ముసిలోళ్ళు నడుస్తారు, తాగినోడు నడవలేడు" అనేది ఇంకోదాని గురించి. నేను అవన్నీ నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. కిలోమీటర్ల లెక్కకన్నా ఆ లెక్కే మా గుంపుకి బాగా పనికొచ్చింది.

ఆమెలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆమె ఆడే అబద్ధం. వెనక ఎవరికి ఆయాసం వచ్చినా, వెనక్కి చూడకుండానే ఆమెకి తెలిసిపోయేది. తెలియగానే తనే ఆగి, "అమ్మా, నా కాళ్ళు లాగేస్తన్నాయి, సిటికెడు సేపు కూకోనీ" అని రాతి మీద కూలబడేది. స్టెంటాయనకి ఈ సంగతి ఏడాది దాకా తెలియలేదు. కొండమనిషై ఉండీ పాపం ఓపిక లేదు, నాకే నయం అని నా దగ్గర గొప్పలు పోయేవాడు. ఆమె విని, చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని ఒళ్ళంతా కదిలేలా నవ్వేది.

ఆ నవ్వుకి నేనూ చిక్కాను. ఒక చలికాలం పొద్దున్న, మంచు ఎదుటి మనిషి కనపడనంత దట్టంగా పట్టింది. నేను అలవాటు చొప్పున చెయ్యి చాపి, "అదిగో, తూర్పు అటు, గెడ్డ తూర్పుకి పారుతోంది" అని మావాళ్ళకి పాఠం మొదలుపెట్టాను. అప్ప ఏమీ అనలేదు. మంచు విడిచాక చూస్తే నా వీపు మీద ఎండ కాస్తోంది. ఇక ఆమె తొడ చరుచుకుని నవ్విన నవ్వు కాఫీ తోటంతా వినపడి ఉంటుంది. అంతటితో ఆగిందా? వారం సంతలో అందరికీ చెప్పింది. తర్వాత రెండేళ్ళు, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు పసుపు కొమ్ముల బుట్టల వెనకనుంచి, "పంతులమ్మా, తూరుపు ఎటమ్మా?" అని నన్ను పిలిచి మరీ అడిగారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో నన్నెవరూ అంత అల్లరి పెట్టలేదు. నాకు ఉక్రోషం వచ్చిన మాట నిజం. ఆ మాటకోసమే సంతలోకి వెళ్ళేదాన్నన్నదీ నిజమే.

ఇక ఆ రాళ్ళ సంగతి.

ప్రతి మలుపులోనూ నేలలో ఒక పలకరాయి ఉండేది. అప్ప ఆ రాయి దగ్గర ఒంగేది. అరచేత్తో తడిమేది. ఒక్కోసారి చిన్న రాయి ఒకటి వెతికి దాని పక్కన దోపేది. లేచి మడమతో మూడుసార్లు తన్నేది. "కూకో తల్లీ, కూకో" అని గొణిగేది. తర్వాత చెంగుతో మొహం తుడుచుకుని కదిలేది. వెళ్ళేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే. అలా చూస్తుంటే నా ఒళ్ళు గగుర్పొడిచేది.

ఎందుకని నేను అడగలేదు. తెలియకపోతే అడగండర్రా, అడిగితే పోయేదేముంది అని వందలమంది పిల్లల చెవుల్లో పోరినదాన్ని, అడగలేదు. అడిగితే అది మామూలు విషయమని తేలిపోతుందేమోనని లోపల భయం. మామూలుది నాకు అక్కర్లేదు. పుస్తకంలో రాసుకోడానికి అందమైనది కావాలి. ఇంటికొచ్చి ఇలా రాశాను: 'ఈ దారిలో ప్రతి మలుపులోనూ కొండదేవతకి ఒక రాయి సమర్పించి, మడమతో మూడుసార్లు నేలను తాకి ముందుకు సాగడం ఇక్కడి గిరిజనుల ఆచారం. మీరూ ఒక రాయి పెట్టి నడవండి.' ఆ వాక్యం రాసిన రోజు నాకు ఎంత గర్వమో. రెండుసార్లు పైకి చదువుకున్నాను.

పుస్తకం చిన్నదే, కానీ ఆ పేజీని ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. అక్కడినుంచి రీల్స్‌లోకి పోయింది. ఆ దారికి జనం రావడం మొదలైంది. వస్తే మంచిదే అనుకున్నాను, నడవలేనివాళ్ళు నడుస్తున్నారు కదా అని.

కిందటి చలికాలం, కుర్చీ అమ్మాయి తప్ప మావాళ్ళందరినీ తీసుకుని వెళ్ళాను. మొదటి మలుపులో రాళ్ళ గోపురాలు. జానెడువి, మూరెడువి, ఇరవై దాకా ఉన్నాయి. రెండో మలుపులో ఇంకా ఎక్కువ. మూడో మలుపులో అప్ప నేల మీద చతికిలబడి, ఒక్కో గోపురాన్నీ విప్పుతోంది. పక్కన గునపం ఉంది.

"ఏటప్పా, ఏటి సేత్తన్నావు?" అన్నాను. ఆమె ఎదుట నాకూ మా అమ్మ యాసే వచ్చేది.

"సూడు పంతులమ్మా, మీ పట్నపోళ్ళకి ఏటి పుట్టినాదో. దారిలో రాళ్ళు పీకీసి గోపురాలు కడతన్నారు. మొన్న ఆదివారం దించినాను. నేటికి మళ్ళీ కట్టీసినారు. పేర్చడానికి సదును రాళ్ళే గావాల కదా, అందుకని నా రాళ్ళే పీకుతన్నారు."

"నీ రాళ్ళేటి?"

అప్పుడు చెప్పింది. చేతులు ఆపకుండా చెప్పింది.

"మా అత్తకి కళ్ళు పోనాయి. అయినా గెడ్డలో నీళ్ళు పోసుకోకపోతే ఒప్పదు. సెయ్యట్టుకుని తీసుకెల్తానంటే తిడతాది. నా కాళ్ళు నాకున్నాయి, నువ్వేటి నన్ను నడిపించీది అంటాది. మరేటి సేత్తాను? మలుపుకో పలకరాయి ఏసినాను. కాలి కింద సదునుగా తగిల్తే మలుపు వచ్చీసినట్టు. రెండు పక్కపక్కన తగిల్తే మెట్టున్నట్టు. కళ్ళకి కనపడదు గానీ, పాదాలకి కనపడాల కదా. సచ్చీదాకా ఒక్కర్తీ నడిసినాది మా అత్త. ఒక్కనాడు తూలి పడలేదు."

నా మోకాలు ఎందుకు నొప్పెట్టలేదో అప్పుడు తెలిసింది. ఆ దారి కొండ ఇచ్చింది కాదు. కళ్ళు లేని ఒక పొగరుబోతు అత్తగారి కోసం కోడలు ఒక్కో రాయీ మోసుకొచ్చి పరిచింది. అందరూ నడవగల దారి అని నేను పుస్తకంలో ఏడో నంబరు వేసి రాసుకున్నది దాన్నే.

"మరి కూకో తల్లీ అని మొక్కుతావు కదా?" అన్నాను.

"మొక్కేటి?" అని వింతగా చూసింది. "వానకి రాయి కదిల్తాది. కదలకండా కూకోమంటాను. గొడ్డుని అనమేటి? ఏడ్సే గుంటల్ని అనమేటి? అలాగే. ఊగుతాదో లేదోనని తన్ని సూత్తాను." చేతిలో రాయిని పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "ఎవులు నేర్పినారో పంతులమ్మా మీవోళ్ళకి ఈ తిక్కపని?"

అదీ ఆ క్షణం. నా వెనక పది మంది ఉన్నారు. అందరి సంచుల్లోనూ నా పుస్తకం ఉంది. నేను ఒక్క మాట అనాలి. నేనేనప్పా అనాలి.

"ఏమో అప్పా," అన్నాను. "ఈ ఫోన్లొచ్చాక జనానికి పిచ్చి ముదిరింది."

"అవునమ్మా, ఫోన్లే," అని ఆమె నమ్మేసింది. మావాళ్ళెవరూ నోరు విప్పలేదు. అందరం కలిసి ఆ పూట గోపురాలు దించాం. నేను ఒంగబోతే అప్ప నా చెయ్యి పట్టి ఆపింది. "నీ మోకాళ్ళతో నువ్వొంగకు. నాను సేత్తాను కదా. నువ్వు మంచిదానివి, గోపురాలు నువ్వు కట్టకపోనా దించడానికొచ్చినావు," అంది. ఆమె తిట్టి ఉంటే ఇప్పటికి మర్చిపోయేదాన్నేమో.

పుస్తకం రెండో అచ్చులో ఆ వాక్యం తీసేశాను. తప్పు రాశానని ఎక్కడా చెప్పలేదు. అసలెప్పుడూ లేనట్టే తీసేశాను. పిల్లలు తప్పుని రబ్బరుతో చెరిపేస్తే ఊరుకునేదాన్ని కాదు. గీత కొట్టండి, తప్పు కనపడాలి, పక్కన ఒప్పు రాయండి అనేదాన్ని. నా దగ్గరికొచ్చేసరికి రబ్బరు తీశాను.

జనం మాత్రం ఆగలేదు. వాక్యం పోయినా ఆచారం నిలిచింది. వారం వారం వాళ్ళు కట్టడం, ఆమె విప్పడం.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆమె కూతురు ఫోన్ చేసింది. "మాయమ్మ ఎలిపోనాది పంతులమ్మా," అంది. గెడ్డ దారిలో మూడో మలుపులో జారిందట. తుంటి విరిగింది. డోలీ కట్టి నలుగురు రోడ్డు దాకా మోశారు. ఆస్పత్రినుంచి తిరిగొచ్చాక ఇరవై రోజులు మంచం మీదుండి పోయింది. అక్కడ పలకరాయి ఉందా లేదా అని అడగాలనుకున్నాను. అడగలేదు. చరియలు పడి రైళ్ళు ఆగిపోయాయి, రాలేను తల్లీ అని చెప్పాను. రైళ్ళు నాలుగు రోజులకే నడిచాయి. నేను మాత్రం నాలుగు నెలలు కదల్లేదు.

భీమిలిలో ఆ పిల్ల నాకు పాఠం చెప్పిన మర్నాడు, ఒక్కదాన్నీ రైలెక్కాను.

కూతురు ఇంటి ముందు కాఫీ పళ్ళు ఆరబోసి, పాదాలతో తిప్పుతోంది. నన్ను చూసి నవ్వింది. పీట వేసింది. నేను కూచోలేదు. నిలబడే చెప్పేశాను. ఆచారమని రాసింది నేను, రాళ్ళు పెట్టమన్నది నేను, మీ అమ్మ అడిగితే ఫోన్ల మీదకి నెట్టింది నేను. బట్టీపట్టిన పద్యంలా ఆగకుండా చెప్పాను.

ఆమె పాదాలు ఆగిపోయాయి.

"నువ్వా?" అంది.

"నేనే. ఆ రాయి లేకే పడిందా తల్లీ మీ అమ్మ?"

"తెలీదు. వానొచ్చినాది. ఆయమ్మకి వొయిసైపోనాది. రాయీ లేదు. ఏది పడగొట్టినాదో ఎవులు సెప్తారు?" అప్పుడు కోపం వచ్చింది ఆమెకి. నేను అనుకున్న చోట మాత్రం రాలేదు. "మాయమ్మకి ఎందుకు సెప్పలేదు?"

"భయమేసింది."

"ఏటి భయం? కొడతాదా? నవ్వీది! పంతులమ్మ నా రాళ్ళకి మొక్కించినాదని సంతంతా తిరిగి సెప్పీది. ఆ తూరుపు కత సెప్పి సెప్పి అరగదీసీసినాది. కొత్తది కావాలని ఎదురుసూసీది." కాలితో కాఫీ పళ్ళని ఒక పక్కకి తోసింది. "మంచం మీద ఇరవై రోజులున్నాది. నొప్పి. పడుకోలేదు, లేవలేదు. ఏటైనా సెప్పండే, నవ్వొచ్చీది ఏటైనా సెప్పండే అని మమ్మల్ని పీకేసీది. మాకేటి తెలుసు సెప్పడానికి? నీ కాడ ఉన్నాది. నువ్వు దాసుకున్నావు."

రాయి గురించి ఆమె ఏమన్నా భరించడానికి సిద్ధపడి వెళ్ళాను. దీనికి సిద్ధపడలేదు. ఏడవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

కాసేపటికి ఆమె కాళ్ళు దులుపుకుని, "రా" అంది. గెడ్డ దారి పట్టింది. మూడో మలుపులో ఆగింది. అక్కడ కొత్త పలకరాయి ఉంది, మిగతావాటికన్నా పెద్దది.

"మా వోళ్ళల్లో పోయినోళ్ళకి రాయి నిలబెడతారు. మాయమ్మ వద్దన్నాది. నిలబెడితే ఎవులికి పనికొస్తాది, మూడో మలుపులో సోటు కాళీగా ఉంది, అక్కడ పడుకోబెట్టండి అన్నాది. మా వోళ్ళందరితోటీ దెబ్బలాడి పెట్టినాను. కాలెట్టు."

"ఎలా పెడతాను?"

"కాలెట్టడానికే కదా పెట్టించుకున్నాది. ఎట్టు బేగి."

చెప్పులు విడిచి సంచిలో పెట్టుకున్నాను. పాదం మోపాను. పొద్దుటి చలికి రాయి చల్లగా ఉంది. ఊగలేదు. ఆమె చూస్తోంది. నేను మడమతో మూడుసార్లు తన్నాను. అప్పుడూ ఊగలేదు.

"రేపు సంత," అంది ఆమె, వెనక్కి తిరిగి నడుస్తూ. "రా. నువ్వే సెప్పు అందరికీ. మాయమ్మ సెప్పినట్టు సెప్పాల."

ఆ రోజు వాళ్ళింట్లోనే ఉండిపోయాను. మర్నాడు సంతకి వెళ్ళాం. పసుపు కొమ్ముల బుట్టల దగ్గర ఆడవాళ్ళు నన్ను గుర్తుపట్టి, "తూరుపు ఎటమ్మా?" అని మొదలుపెట్టారు. నేను చేతులెత్తి ఆపి, దీన్నిమించింది ఒకటుంది వినండి అన్నాను. చెప్పాను. అప్ప మడమతో ఎలా తన్నేదో తన్ని చూపించాను. కూకో తల్లీ అని ఎలా గొణిగేదో గొణిగాను. ఒళ్ళు గగుర్పొడిచిన నా మొహం ఎలా ఉండేదో అదీ చేసి చూపించాను. గోపురాలూ, రీల్సూ, భీమిలి పిల్లా ఏదీ దాచలేదు. తొడ కూడా చరిచాను.

చుట్టూ పదిహేను మంది దాకా చేరారు. అందరూ చివరిదాకా విన్నారు. ఎవరూ నవ్వలేదు.

బుట్ట వెనక కూచున్న ముసలామె నాకేసి జాలిగా చూసింది.

"ఇది నువ్వు సెప్తే నవ్వు రాదమ్మా. మీ అప్పే సెప్పాల," అంది.

తర్వాత బుట్ట పక్కకి జరిపి, నన్ను కూచోమని చోటు చూపించింది.